మూడో రోజే ఇంటికా?

“ఇంత పెద్ద ఆపరేషన్ చేసి మూడో రోజే పంపించేస్తారా? మనల్ని వదిలించుకుంటున్నారేమో, నువ్వొకసారి గట్టిగా అడుగక్కా!”

ఆసుపత్రి వరండాలో నన్ను పక్కకి లాగి మా తమ్ముడు అన్న మాట ఇది. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. తెనాలిలో ఎరువుల షాపు. అవతల గదిలో 78 ఏళ్ళ మా పిన్ని మంచం మీంచి కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూచుని, ఉప్మాలో ఉప్పు లేదని సిస్టర్‌తో తగువేసుకుంటోంది. మొన్న పొద్దున్నే ఆవిడ గుండెలో కొత్త వాల్వు పెట్టారు.

తమ్ముడి భయం నాకు తెలియంది కాదు. 2017లో మా పెదనాన్నకి ఇదే వాల్వు వేసినప్పుడు నేనూ డాక్టర్ని పట్టుకుని, “ఇంకో రెండు రోజులు ఉంచుకోండి సార్” అని బతిమాలాను. ఆయన సరేనన్నారు కూడా. ఆ రెండు రోజుల సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

ముందు జబ్బేమిటో చెప్పాలి. గుండెలోంచి ఒళ్ళంతటికీ రక్తం వెళ్ళే పెద్ద గొట్టం ఉంది కదా, దాని మొదట్లో మూడు రేకుల తలుపొకటి ఉంటుంది. అయోర్టిక్ వాల్వు అంటారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తెరుచుకుని మూసుకోవడమే దాని పని. పెద్ద వయసులో కొందరికి ఆ రేకుల మీద కాల్షియం పేరుకుని, తుప్పు పట్టిన గేటులా బిగుసుకుపోతుంది. మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసిన తలుపు ఒక సెంటీమీటరు కూడా తెరుచుకోదు. అంటే చిటికెన వేలి గోరంత సందు. ఒళ్ళంతటికీ రక్తం ఆ సందులోంచే వెళ్ళాలి. మా పిన్నికి 0.7 ఉందన్నారు.

ఏడాదిగా ఆవిడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. “వయసు కదే” అనేది. మేమూ వయసే అనుకున్నాం. ఒకరోజు వంటింట్లో కూర కలుపుతూ కలుపుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు గానీ ఎకో తీయించలేదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం - వీటిలో ఏదైనా మొదలయ్యాక వాల్వు మార్చకుండా మందులతో నెట్టుకొస్తే, సగం మందికి రెండేళ్ళు గడవడమే కష్టమని డాక్టరు చెప్పాడు. ఈ తలుపుని తెరిచే మాత్ర ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

వెనకటికైతే ఛాతీ ఎముకని నిలువునా కోసి, గుండెని ఆపి, మెషీన్ మీద పెట్టి వాల్వు మార్చేవాళ్ళు. ఇప్పటికీ వయసులో ఉన్నవాళ్ళకి చాలావరకు అదే పద్ధతి. ముసలివాళ్ళు కొందరు దాన్ని తట్టుకోలేరు. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్సులోని రువాన్ అనే ఊళ్ళో ఆలెన్ క్రిబియే అనే డాక్టరు, సర్జన్లు ఆపరేషన్ చేయలేమన్న 57 ఏళ్ళ మనిషికి, కాలి రక్తనాళంలోంచి మడిచిన వాల్వుని గుండె దాకా తీసుకెళ్ళి అక్కడ విప్పాడు. ఛాతీ మీద ఒక్క గాటు లేదు. మొదట్లో చాలామంది ఇది జరిగే పని కాదన్నారట. ఇప్పుడు టావీ అంటే గుండె డాక్టర్లందరికీ నోట్లో మాట. మన దేశంలో కూడా, గుజరాత్‌లోని వాపిలో ఈ వాల్వులు తయారవుతున్నాయి.

మధ్యలో ఒక్క మాట. ఈ వాల్వుల రేకులు చాలావాటికి ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేస్తారు. కొన్నిటికి పంది గుండె పొర వాడతారు. మా పిన్నికి ఈ మాట చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు గుసగుసలు నడిచాయి. చివరికి నేనే చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “చిన్నప్పట్నుంచీ దాని పాలే తాగాను. ఇప్పుడు ఈ ఋణం కూడానా!” అంది. అంతే. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

ఇక మా పెదనాన్న దగ్గరికి వస్తాను. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. ఆపరేషన్‌కి ముందు రోజు దాకా పెదనాన్న ఆయాసపడుతూనే అయినా పొలం గట్టు మీదికి వెళ్ళొచ్చేవాడు. డాబా మీదికి ఎక్కి మినుములు ఆరబోసేవాడు. అప్పటికి టావీ అందరికీ కొత్త, జాగ్రత్తలు ఎక్కువ. పూర్తిగా మత్తిచ్చి, గొంతులో గొట్టం వేశారు. మెడలో ఒక లైను, మూత్రానికి పైపు, చేతికి రెండు సెలైన్లు. నాలుగు రోజులు ఐసీయూ. మూడో రాత్రి ఆయన పైపులన్నీ పీక్కుని లేచి, “ఎడ్లని కట్టేయాలి, వాన వచ్చేట్టుంది” అన్నాడట. ఎడ్లు అమ్మేసి అప్పటికి ఇరవై ఏళ్ళయింది. పగలూ రాత్రీ ఒకేలా లైట్లు వెలిగే గదిలో, కళ్ళజోడు తీసేసి, నిద్రలేకుండా పడుకోబెడితే పెద్దవాళ్ళకి ఇలా మతి తప్పడం మామూలేనట. మాకది తెలీదు. పిచ్చెక్కిందనుకుని పెద్దమ్మ ఏడుపు. మళ్ళీ పీక్కోకుండా చేతులు కట్టేశారు.

తొమ్మిదో రోజు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మనిషి నీరసంగా ఉన్నాడు కదా, ఇంకో రెండు రోజులు ఉంటే కాస్త పుంజుకుంటాడని నేనే పట్టుబట్టాను. ఆసుపత్రి వాళ్ళకి అభ్యంతరమేముంటుంది, రూము అద్దె మేమే కట్టాం. ఆ రెండు రోజులూ ఆయన పడుకునే ఉన్నాడు. పదకొండో రోజు చక్రాల కుర్చీలో కారు దాకా తెచ్చాం. వాల్వు భేషుగ్గా ఉందని ఎకోలో వచ్చింది. నిజంగానే భేషుగ్గా ఉంది. ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు, ఆయాసమన్న మాట లేదు. కానీ డాబా మెట్లు మళ్ళీ ఎక్కలేదు. గట్టు మీదికి వెళ్ళలేదు. మంచానికీ వసారాలో కుర్చీకీ మధ్యే తిరిగాడు.

పడుకుంటే బలం వస్తుందని మనకి ఎవరు నేర్పారో గానీ, ముసలివాళ్ళ విషయంలో అది తిరగబడుతుంది. 2007లో అమెరికా వైద్య పత్రిక ఒకదాంట్లో ఒక పరిశోధన వచ్చింది. సగటున 67 ఏళ్ళ వయసుండి, ఏ జబ్బూ లేని పదకొండు మందిని పది రోజులు మంచం మీద ఉంచారు. తిండి సరిగ్గానే పెట్టారు. పది రోజుల తర్వాత చూస్తే ఒక్కొక్కరి కాళ్ళలో దగ్గర దగ్గర ఒక కిలో కండ కరిగిపోయింది. వాళ్ళు ఆరోగ్యవంతులు! మా పెదనాన్న వయసు 81, ఆయాసంతో అప్పటికే సగమైన మనిషి. నేను అడిగి మరీ ఇప్పించిన రెండు రోజుల్లో ఎంత కరిగిందో నాకు లెక్క తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అందుకని పిన్ని సంగతి వచ్చేసరికి ఈసారి కాస్త చదువుకుని వెళ్ళాను. చదివేకొద్దీ ఒక సంగతి బోధపడింది. త్వరగా ఇంటికి పంపించడమన్నది డిశ్చార్జ్ రోజున మొదలయ్యే పని కాదు.

ఈ ఆలోచనకి మూలం గుండె ఆపరేషన్లలో లేదు. డెన్మార్క్‌లో హెన్రిక్ కెహ్లెట్ అనే సర్జన్ 1990లలో పేగు ఆపరేషన్లు చేస్తూ ఒక ప్రశ్న వేశాడు - ఈ రోగి ఇవాళ ఇంకా ఆసుపత్రిలో ఎందుకున్నాడు? జవాబులు వెతికితే చాలావాటికి కారణం అలవాటే. తిండి ఆలస్యంగా పెట్టడం అలవాటు. పైపులు ఉంచేయడం అలవాటు. పడుకోబెట్టడం అలవాటు. ఒక్కొక్కటీ తీసేస్తే వారం పైన ఉండే రోగులు రెండో మూడో రోజుల్లో ఇంటికెళ్ళారు.

అదే ప్రశ్నని టావీకి బాగా పట్టించినవాళ్ళు కెనడాలోని వాంకూవర్ డాక్టర్లు. అక్కడి సెయింట్ పాల్స్ ఆసుపత్రిలో జాన్ వెబ్, డేవిడ్ వుడ్ లాంటి వాళ్ళు, వాళ్ళతో సమానంగా సాండ్రా లౌక్ అనే నర్సు కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. రకరకాల విద్యలవాళ్ళు కూచుని రోగిని ఎంచుకోవాలి, స్కానులతో ముందే అంతా కొలుచుకోవాలి, ఆ రోజున చేసే పని మాత్రం వీలైనంత తక్కువ ఉండాలి. పూర్తి మత్తు వద్దు, గజ్జల దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ చాలు. గొంతులో గొట్టం వద్దు, మెడలో లైను వద్దు, మూత్రం పైపు వద్దు. నాలుగు గంటల్లో లేపి నిలబెట్టాలి. ఇదంతా కెనడా, అమెరికాల్లోని 13 ఆసుపత్రుల్లో 411 మంది మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 80 మంది మర్నాడే ఇంటికెళ్ళిపోయారు. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళూ పక్షవాతం వచ్చినవాళ్ళూ కలిపి నూటికి ముగ్గురి లోపే.

ఇక్కడ మనం గమనించవలసింది ఇంకోటుంది. ఆ 411 మంది ఊరికే వచ్చినవాళ్ళు కారు, ఏరి తీసుకున్నవాళ్ళు. కాలి నాళాలు బాగుండాలి, మరీ వణికిపోయే మనిషి కాకూడదు. అన్నిటికంటే నాకు నచ్చినది - ఇంటికెళ్ళాక చూసుకునే మనిషి ఉండాలి. ఇంట్లో మనిషి ఉన్నారా అన్నది కూడా అక్కడ వైద్య పరీక్షే!

పిన్నికి వాల్వు వేసిన ఆసుపత్రిలో ఈ పద్ధతి పాటిస్తున్నారని చెప్పారు. నిజంగా పాటిస్తున్నారా, నోటి మాటా అని నాకు అనుమానం ఉండేది. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు కోఆర్డినేటర్ అని ఒక సిస్టరమ్మ కూచోబెట్టి అడిగిన ప్రశ్నలు విన్నాక ఆ అనుమానం పోయింది. ఇంటికి మెట్లెన్ని? బాత్రూము గదిలోనేనా, పెరట్లోనా? కింద కూచునేదా, కుర్చీలాంటిదా? రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు? మాత్రలు ఎవరిస్తారు? వాళ్ళకి అక్షరాలు చదవడం వచ్చా? పిన్నిని అయిదు మీటర్లు నడవమని గడియారం పెట్టి చూసింది. రోజూ పొద్దున ఓ గుడ్డు తినమంది. పిన్ని మొహం చూసి, “సరే, పెసరట్టూ పెరుగూ దండిగా తినండి” అని సర్దుకుంది. వసారాలోనే రోజుకి రెండుసార్లు మెల్లగా అటూ ఇటూ నడవమంది, ఆయాసమొస్తే ఆగిపోమంది. ఆఖర్న తమ్ముడితో, “అన్నీ బాగుంటే మర్నాడు, లేకపోతే మూడో రోజు పంపిస్తాం. ఆపరేషన్ అయ్యాక ఒక వారం ఆసుపత్రికి గంట దూరంలోనే ఉండాలి. ఎక్కడుంటారో ఇప్పుడే చెప్పండి” అంది. హైదరాబాద్‌లో మా ఇల్లు అలా ఖాయమైంది.

తమ్ముడు అప్పుడు తలూపాడు. ఊపిన సంగతి మూడో రోజుకి మర్చిపోయాడు. ఆసుపత్రిలో మనమందరం అంతే.

ఆపరేషన్ రోజు పిన్ని మెలకువగానే ఉంది. కొంచెం మగతగా ఉండే మందిచ్చారు. మనసులో లలితా సహస్రనామం చదువుకుంటోందట. “రెండోసారి మొదలెట్టానో లేదో, అయిపోయిందమ్మా అన్నారు. వీళ్ళు అసలు చేశారా అనుకున్నా” అంది. నాలుగు గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. ఆవిడకి బాధంతా అక్కడే, నడుం లాగేస్తోందని. నాలుగు గంటలు కాగానే కూచోబెట్టారు, గజ్జల్లో కట్టు చూశారు, నిలబెట్టారు. సాయంత్రం సిస్టర్ భుజం పట్టుకుని తనే బాత్రూముకి నడిచి వెళ్ళింది. రాత్రి ఇడ్లీ తింది. కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవిలో మిషను - మూడూ వెంటనే తెప్పించి పెట్టించారు. ఆ రాత్రి గదిలో లైటు తీసేశారు. పెదనాన్నకి ఎవరూ లైటు తీయలేదు కదా అని నాకు ఆ చీకట్లో కూచుంటే అనిపించింది.

అయితే మర్నాడు పంపలేదు. పొద్దున ఈసీజీలో చిన్న తేడా వచ్చింది. గుండెకి కరెంటు తీసుకెళ్ళే తీగ ఒకటి సరిగ్గా ఆ వాల్వు కిందనుంచే వెళుతుందట. కొత్త వాల్వు విచ్చుకున్నప్పుడు దాని మీద ఒత్తిడి పడుతుంది, వాపు వస్తుంది. కొందరికి అది అలాగే సర్దుకుంటుంది. కొందరికి రెండు మూడు రోజులు గడిచాక కరెంటు పూర్తిగా ఆగిపోయి గుండె నెమ్మదిస్తుంది, అప్పుడు పేస్‌మేకర్ పెట్టాలి. ఇంట్లో ఉండగా అలా జరిగితే మనిషి దక్కకపోవచ్చు. “అందుకే ఇంకో రాత్రి మానిటర్ మీద చూస్తాం. మీ అత్తయ్యగారు మంచం మీద ఉండక్కర్లేదు, వరండాలో తిప్పండి” అన్నాడు డాక్టరు మా మరదలితో. ఆ రోజంతా జేబులో చిన్న మానిటర్ పెట్టుకుని, పిన్ని ఆ అంతస్తులో ఉన్న పేషెంట్లందరినీ పలకరించి వచ్చింది. ఏ గదిలో ఎవరిది ఏ ఊరో సాయంత్రానికి ఆవిడ దగ్గర లెక్కుంది. మూడో రోజు పొద్దున ఈసీజీ ముందు రోజులాగే నిలకడగా ఉంది, పెరగలేదు. ఎకో చూశారు, రక్తపరీక్షలో కిడ్నీ చూశారు, వెళ్ళమన్నారు.

తమ్ముడు నన్ను పక్కకి లాగింది అప్పుడే. పెదనాన్నకి నేను అడిగిన రెండు రోజులకి కారణం లేదు, నా భయం తప్ప. పిన్నికి ఇచ్చిన ఈ ఒక్క రాత్రికి ఈసీజీ కాగితం మీద కారణం ఉంది. అదే తమ్ముడికి చెప్పాను. పూర్తిగా నమ్మలేదు గానీ, నాతో వాదించే ఓపిక లేక ఊరుకున్నాడు.

పదింటికి వెళ్ళమన్నవాళ్ళం సాయంత్రం అయిదున్నరకి కదిలాం. ఇన్సూరెన్సు కాగితాలు తేలాలి కదా. గుండె తలుపు గంటలో మార్చారు, బిల్లు తేలడానికి ఏడున్నర గంటలు! ఏ వాంకూవర్ వాళ్ళయినా వచ్చి దీనికో పద్ధతి కనిపెడితే బాగుణ్ణు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున తొమ్మిదికి ఫోనొచ్చింది, ఆ కోఆర్డినేటరే. కళ్ళు తిరుగుతున్నాయా, గజ్జల్లో వాపు ఉందా, కాళ్ళకి నీరుందా, ఎన్నిసార్లు నడిచారు. మూడో రోజు మళ్ళీ చేసింది. మధ్యలో ఒక గాభరా జరిగింది. తొడంతా నీలంగా కమిలిపోయిందని తమ్ముడు కంగారుపడి ఫొటో తీసి పంపాడు. రెండు నిమిషాల్లో ఆవిడ ఫోన్ చేసి, వేలితో నొక్కించి, గట్టిగా గడ్డలా ఉందా, మెత్తగా ఉందా, పెరుగుతోందా అని అడిగింది. మెత్తగానే ఉంది, పెరగలేదు. లోపలి రక్తం చర్మం కిందికి దిగిందంతే, వారంలో పసుపురంగుకి తిరిగి పోతుందని చెప్పింది. అలాగే పోయింది. గడ్డకట్టినట్టు ఉబ్బినా, రక్తం కారినా అక్కడ గట్టిగా నొక్కిపెట్టి వెంటనే తీసుకురమ్మని కూడా చెప్పింది. ఇక బరువులెత్తొద్దు, పన్ను పీకించుకోవాలంటే ముందు గుండె డాక్టర్ని అడగాలి - ఈ రెండూ పిన్నికి కంఠతా వచ్చేశాయి.

ఆ ఫోన్ నంబరే లేకపోతే మూడో రోజు పంపించడం అన్యాయమనే నేనూ అంటాను. మొత్తం కలిపి ఇంత అని ప్యాకేజీ మాట్లాడుకున్న చోట పేషెంటుని తొందరగా పంపితే ఆసుపత్రికి లాభం. రోజుకింత అద్దె తీసుకునే చోట ఉంచుకుంటే లాభం. మనకేది లాభమో అడగాల్సింది మనమే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది చేయించాల్సి వస్తే ఎన్ని రోజులు ఉంచుతారని అడక్కండి. ఏమేం సరిగ్గా ఉంటే పంపుతారు, ఏది తేడా వస్తే ఆపుతారు, అర్ధరాత్రి ఏ నంబరుకి చేయాలి - ఇవి ఆపరేషన్‌కి ముందే అడగండి. ఒంటరిగా ఉండే మనిషైతే, ఊరు దూరమైతే, రాత్రి పూట డాక్టరు దొరకని చోటైతే అవి కూడా నోరు తెరిచి చెప్పండి. అప్పుడు నాలుగు రోజులు ఉంచితే అది అలవాటు కొద్దీ ఉంచడం కాదు. ఉంచినా సరే, మంచం మీద పెట్టొద్దనండి.

పిన్ని మా ఇంట్లో పది రోజులుంది. మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు, రోజుకి ఒక అంతస్తు చొప్పున మెట్లు మొదలుపెట్టి, ఎనిమిదో రోజుకి లిఫ్టు మానేసింది. నేను వెనకాలే కుర్చీ పట్టుకుని ఎక్కేదాన్ని, మధ్యలో కూచుంటుందేమోనని. ఆ కుర్చీ మీద కూచుని ఆయాసం తీర్చుకున్నది చాలాసార్లు నేనే.

మొన్న తెనాలి నుంచి ఫోన్ చేసింది. ఈ ఏడు ఆవకాయ తనే పెడుతుందట. కాయలు మాత్రం తమ్ముడి చేత కొట్టిస్తుందట, బరువులెత్తొద్దన్నారు కదా. “నీకు రెండు సీసాలు తీసి పెడతా. ఒకటి ఆ సిస్టరమ్మకి ఇవ్వు. ఉప్మాలో ఉప్పెయ్యని అమ్మాయికి కాదు, ఫోన్ చేసిన అమ్మాయికి” అంది.